ఇనుప డ్రమ్ములో నా ఆరు కుండలు

ఆ రోజుల్లో మా మాదాపూర్ ఆఫీసులో ఏ మాట మొదలుపెట్టినా చివరికి అది ప్రాంతం దగ్గరే తేలేది. క్యాంటీన్ పప్పులో పులుపు ఎక్కువైతే ఒక ప్రాంతం మీద, కూరలో కారం ఎక్కువైతే ఇంకో ప్రాంతం మీద నింద పడేది. తెలంగాణ ఉద్యమం ఊపు మీద ఉంది. బంద్ పిలుపొస్తే ఇంట్లో కూర్చుని, ఆ పని శనివారం వచ్చి చేసేవాళ్ళం. నేనప్పుడు రాజమండ్రి నుంచి వచ్చి లింగంపల్లిలో గది కిరాయికి తీసుకున్న ఇరవై నాలుగేళ్ళ టెస్టర్‌ని. జ్ఞానం కొంచెం, రోషం బోలెడు. అలాంటి నాకు ఇంటర్నెట్‌లో చూసి కుండలు చేసే పిచ్చి పట్టుకుంది. కుమ్మరి సారె అక్కర్లేదు, బట్టీ అక్కర్లేదు. మట్టిని తాళ్ళలా చేసి వరసలుగా చుట్టి కుండ లేపడం, ఇనుప డ్రమ్ములో రంపపు పొట్టూ పిడకలూ వేసి కాల్చడం, అంతే. పక్కన అరటి తొక్కలు, ఉప్పు, రాగి తీగ పెడితే కుండ మీద ఎరుపు, నలుపు, బూడిద రంగు మరకలు వాటంతటవే పడతాయట. ఆ 'అట'ను నమ్మి, కంపెనీ టాలెంట్ డేలో ఆరు కుండలు ప్రదర్శిస్తానని ఫ్లోర్ మొత్తానికి మెయిల్ కొట్టేశాను. (అప్పటికి చేసిన కుండలు సున్నా.)

మట్టి కోసం ఊరెళ్ళి గోదావరి ఒండ్రుమట్టి రెండు సంచులు రైల్లో మోసుకొచ్చాను. (టీసీ సంచి విప్పి మట్టి చూసి, నా ముఖం చూసి, మళ్ళీ కట్టేశాడు.) వెన్నలా మెత్తటి మట్టి. కుండలు సగం ఆరాక గులకరాయితో చెయ్యి పడిపోయేదాకా రుద్దితే అద్దంలా నిగనిగలాడాయి. ఒకటి ఆఫీసుకు తెచ్చి, అందరికీ చూపించుకుని, అరటి తొక్కల కోసం క్యాంటీన్ చెత్తడబ్బా దగ్గర కాపలా కాస్తుంటే మా ఫ్లోర్ హౌస్‌కీపింగ్ అక్క పట్టుకుంది. మెదక్ వైపు మనిషి. సంగతి విని, నా కుండ తీసుకుని గోటితో గీకి చూసింది.

"గీ మన్నుల జిగురు ఎక్కువున్నది మేడం. మంటల పెడితె పగుల్తది. జర ఇసుక కలిపి మళ్ల చెయ్యి."

"మీకెలా తెలుసండీ?"

"మేం కుమ్మరోల్లం. చిన్నప్పటి సంది గిదే పని."

తెలివైనవాళ్ళెవరైనా అక్కడ ఆగి నేర్చుకునేవాళ్ళు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. "మా గోదావరి మట్టిని అలా తీసిపారేయకండి," అన్నాను.

"మన్నును నేనేమన్న అన్ననా? ఇసుక లేదన్న," అంది అక్క.

నాకది ఉభయ గోదావరి జిల్లాలకూ కలిపి జరిగిన అవమానంలా తోచింది. చచ్చినా ఇసుక కలపకూడదని అప్పుడే తీర్మానించుకున్నాను.

ఆ తర్వాతి బంద్ రోజు పొద్దున్నే మా గది వెనక ఖాళీ ప్లాటులో డ్రమ్ము సిద్ధం చేశాను. అక్క కూడా అక్కడికి దగ్గర్లోనే ఉండేది. చేతిలో చిన్న కుండతో వచ్చింది. పక్క అపార్ట్‌మెంట్ పునాది గుంటలో దొరికిన మట్టికి ఇసుక కలిపి చేసి, పైన ఎర్రమట్టి నీళ్ళు పూసి, రాయితో రుద్దింది. నా వాటి పక్కన అది పేదరాలిలా కనిపించింది.

"నీ డ్రమ్ముల నాదొకటి పెట్టనియ్యి మేడం. ఊరు ఇడిసినంక కుండ ముట్టలే." డ్రమ్ములోకి తొంగి చూసి, "నాది మంచిగొస్తె, ఆఫీసుల పెట్టి, చీటి మీద నా పేరు రాస్తవా?" అంది.

"తప్పకుండా రాస్తానండీ," అన్నాను, మహారాణిలా.

నిప్పు పెట్టిన కాసేపటికి డ్రమ్ములో టప్పుమంది. తర్వాత ఇంకోటి. నేను వేళ్ళు మడుస్తూ కూర్చున్నాను. ఆరు లెక్క తేలాక చప్పుళ్ళు ఆగిపోయాయి. (బంద్ నాడు అంత పొగ వస్తుంటే ఎవరైనా వచ్చి అడుగుతారనుకున్నాను. ఆ రోజుల్లో పొగ ఎవరికీ వింత కాదు.) మర్నాడు పొద్దున చల్లారాక బూడిదలో చెయ్యి పెడితే నావన్నీ పెంకులు. అక్క కుండ మాత్రం చెక్కుచెదరకుండా ఉంది, ఒక పక్క ఎరుపు, ఇంకో పక్క నలుపు, మధ్యలో పొగ మరకతో. ఏడుపొచ్చింది. "పరేషాన్ గాకు," అంది అక్క. నేను చెప్పలేదా అని మాత్రం అనలేదు.

టాలెంట్ డే పొద్దున్న చీటీ మీద అక్క పేరు, కింద లింగంపల్లి మట్టి అని రాసి, ఆ కుండనూ, పారేయ బుద్ధికాని నా పెంకుల సంచినీ పట్టుకెళ్తే, మేము పాలసీ సార్ అని పిలుచుకునే హెచ్చార్ పెద్దమనిషి అడ్డం పడ్డాడు. "కాంట్రాక్ట్ స్టాఫ్‌కి ఎలిజిబిలిటీ లేదమ్మా. పైగా ఈ టైమ్‌లో ఆ మట్టీ ఈ మట్టీ అని రాయొద్దు, సెన్సిటివ్. నీ పేరు వేసేసుకో, ఎవరికి తెలుస్తుంది?"

ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, అర నిమిషం ఆలోచించాను. తర్వాత నా రోషం మొదటిసారి పనికొచ్చింది. "అయితే నా ఎంట్రీ ఈ పెంకులు సార్. నేను ఎంప్లాయీనే కదా!" అన్నాను. పట్టినన్ని పెంకులు అక్క కుండలో పోసి, 'పగిలినవి నావి, నిలబడింది ఈమెది' అని రాసి, ఆమె పేరు పెద్దక్షరాల్లో వేశాను. ఆయన దగ్గర దానికి రూలు లేదు. నా ధైర్యానికి నేనే మురిసిపోయాను.

లంచ్ టైమ్‌లో అక్క వచ్చింది. చీటీ చదివించుకుని, కుండలోకి తొంగి చూసింది.

"మంచి కుండల పెంకులు పోస్తరా ఎవరన్న?"

అందరూ చూస్తుండగా పెంకులన్నీ బల్ల మీద గుమ్మరించి, కుండను చీర కొంగుతో తుడిచి మధ్యలో పెట్టింది. పాలసీ సార్ దగ్గరికొచ్చి ఏదో అనబోతే, "ఇది నేను చేసిన సార్. ఎవరన్న అడిగితె చెప్పనీకె ఈడ్నే నిలవడ్త," అంది. నిలబడింది కూడా. సూపర్‌వైజర్ వాకీటాకీలో రెండుసార్లు పిలిచినా కదల్లేదు. లంచ్ అయిపోయేదాకా వచ్చినవాళ్ళకల్లా ఏ మట్టి, ఎంత ఇసుక, ఏ రాయి అని చెబుతూనే ఉంది.

సోమవారం నుంచి ఆమెను వేరే బిల్డింగ్‌కి మార్చారు. ఇది అన్యాయమని నేను పదునైన మెయిల్ ఒకటి రాశాను. అది మూడు రోజులు డ్రాఫ్టులోనే పడుకుంది. నాలుగో రోజు కళ్ళు మూసుకుని పంపితే 'నోటెడ్' అని ఒక్క ముక్క జవాబొచ్చింది. ఆ ఘనకార్యం చెప్పుకోవడానికి సాయంత్రం బస్టాపులో అక్కను పట్టుకున్నాను. విని, "మంచిగ చేసినవ్," అంది. గుర్తుగా ఆ కుండ నాకిస్తారా అని అడిగాను.

"నీకెందుకిస్త? నీకు చేతుల్లేవా?" అంది, బస్సెక్కుతూ.

ఆ శనివారం వాళ్ళింటికెళ్ళి "నేర్పుతారా అక్కా" అని అడగడానికి, ఆ మెయిల్ పంపడానికి పట్టినదానికన్నా ఎక్కువ ధైర్యం కావలసొచ్చింది. కంపెనీని ఎదిరించానని కాలర్ ఎగరేసుకు తిరిగిన ఆ ఇరవై నాలుగేళ్ళ పిల్ల, ఆ గుమ్మం ముందు చెప్పులు విప్పడానికి ఎంతసేపు తటపటాయించిందో తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. దాని మీద కొంచెం ముద్దూ వస్తుంది.