ఎల్వుడ్ బావ దాచుకున్న వంపు

మా అక్క నడీన్ మొగుడు ఎల్వుడ్ బావ మా రేవు పక్కనున్న కూపర్ నదిలో మునిగి సొరచేప పళ్ళు ఏరి అమ్ముకునేవాడు. ఎప్పుడో అంతరించిపోయిన రాక్షసి సొరల పళ్ళవి, రాయిగా మారి ఒక్కోటి అరచేతంత ఉంటాయి. నీళ్ళేమో డికాక్షన్ రంగు. అడుగున కన్ను పొడుచుకున్నా ఏమీ కనిపించదు, బురద తడిమి పట్టుకోవాల్సిందే.

నువ్వెక్కడ మునుగుతున్నావని మా రేవులో ఎవరూ ఎవరినీ అడగరు. అడిగితే అబద్ధం చెబుతారు, అది ఇక్కడి మర్యాద. బావ ఆ మర్యాదను కట్టుకున్న పెళ్ళాం దగ్గర కూడా పాటించాడు. రైలు వంతెనకు ఎగువన మునుగుతున్నానని ఆమెకు చెప్పి, దిగువన పాత వరిమళ్ళ దగ్గర నది తిరిగే వంపుకు పోయేవాడు. అక్కడ దొరికేవన్నీ విరిగిన ముక్కలే. అయినా ఆ వంపు సంగతి తనకొక్కడికే తెలుసని మీసం మెలేసేవాడు.

జనవరిలో ఒక రోజు ఆయన పైకి తేలేసరికి లంగరు తాడు తెగి పడవ కొట్టుకుపోయింది. వీపునున్న సిలిండర్లో గాలి అయిపోయింది. ఆటుపోటు నీళ్ళు సముద్రం వైపు లాగేస్తున్నాయి. ఒరిగిన చెట్టు కొమ్మ పట్టుకుని నడుముకున్న, నీళ్ళకు తడవని వాకీటాకీ రేడియో తీశాడు. రేవులో రొయ్యల కొట్టు నడిపే అక్క తన రేడియోలో అందుకుంది. పక్కనే నేనున్నాను.

"నడీన్, కొమ్మ పట్టుకుని వేలాడుతున్నా. చేతులు కొంకర్లు పోతున్నాయే!"

"అయ్యో! ఎక్కడున్నావయ్యా?"

"రైలు వంతెనకు ఎగువన."

ఆయన గొంతులోని తడబాటు అక్కకు తెలిసిపోయింది. "నిజం చెప్పి చావు!" అని అరిచింది.

చెబితే వంపు పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది. మహానుభావుడు ఆలోచనలో పడ్డాడు. అక్క భోరుమంది.

రేవులో పడవ కడుక్కుంటున్న ర్యాండల్ కూడా పళ్ళు ఏరేవాడే. వాడు తలైనా ఎత్తకుండా, "వరిమళ్ళ వంపులో ఉంటాడక్కా. ఏడవకు, తెస్తాం" అన్నాడు.

నేనూ ర్యాండలూ వాడి పడవలో తిన్నగా అక్కడికే వెళ్ళాం. పడవలోకి లాగేసరికి బావ పెదాలు నీలంగా ఉన్నాయి. అయినా మొదటి మాట, "ఈ చోటు నీకెలా తెలుసురా?"

"ఆదివారం నువ్వు చర్చిలో పాటలు పాడుతుంటావు కదన్నా, అప్పుడు మేమంతా ఇక్కడే. మంచివి ఏరుకుని, ముక్కలు నీకొదిలేస్తాం."

బావ రేవు చేరేదాకా ఏడుస్తూనే ఉన్నాడు. అక్క పరిగెత్తుకొచ్చి దుప్పటి కప్పి, గట్టిగా పట్టుకుంది.

"ఊరుకోవయ్యా, ప్రాణాలతో వచ్చావు, నాకదే చాలు."

"ఎన్ని మంచి పళ్ళు పట్టుకుపోయారోనే, నడీన్!"

అక్క దుప్పటి లాగేసుకుని కొట్లోకి వెళ్ళిపోయింది.