బడి చూడబోయి గెలిచిన ఎన్నిక

నవ్వనని ముందు ఒట్టేయండి, అప్పుడు చెప్తాను. మొన్న శనివారం ఒక్క పూటలో నేను ఎన్నికలో గెలిచాను, ప్రమాణం చేశాను, పదవి పోగొట్టుకున్నాను. మధ్యలో ఎవరి పిల్లకో తల్లినయ్యాను కూడా! ఇడ్లీ తిని వెళ్ళినదాన్ని, భోజనం వేళకి ఇంటికొచ్చేసరికి ఇదంతా అయిపోయింది.

అసలు నేను వెళ్ళింది బడి చూడ్డానికండీ. మా ఆయనకి గుడివాడ నుంచి బందరు బదిలీ అయింది కదా, బడులు తెరిచిన రెండు నెలలకి వచ్చి పడ్డాం. మా సహస్రేమో గుడివాడ స్నేహితులని తల్చుకుని అన్నం కూడా సరిగ్గా తినట్లేదు. దాన్ని ఆరో తరగతిలో ఎక్కడ చేర్చాలో తేలట్లేదు. మా ఫ్లాట్స్‌లో మాలాగే కొత్తగా దిగిన కుటుంబాలు ఇంకో రెండున్నాయి, ఒకళ్ళది పామర్రు, ఒకళ్ళది మొవ్వ. వాళ్ళ పిల్లలదీ ఇదే వయసు.

"ఇక్కడి మునిసిపల్ హైస్కూల్ ఇప్పుడు చాలా బాగుందట!" అంది మొవ్వావిడ.

"అట అంటే సరిపోద్దా? ఎవరన్నా వెళ్ళి చూడాలిగా," అంది పామర్రు రజని. ఇద్దరూ కలిసి నా వైపు తిరిగారు. "వదినా, మీరు డిగ్రీ చదివారు. ఏం అడగాలో మీకైతే తెలుస్తుంది."

అంతే! పొగిడితే నేను ఎక్కడికైనా వెళ్తాను. అది నాకున్న జబ్బు.

నోటు పుస్తకంలో ఇరవై మూడు ప్రశ్నలు రాసుకున్నాను. లెక్కలెవరు చెప్తారు? వానొస్తే గదులు కారతాయా? బాత్రూములకి గడియలున్నాయా? పక్కనే మార్కులకి గళ్ళు గీశాను, పదికి ఇన్ని అని! గంజి పెట్టిన చీర కట్టుకుని, రెండు కాఫీలు తాగి బయల్దేరుతుంటే మా ఆయన అడిగాడు, "ఇంతకీ బడి చూడ్డానికి వెళ్తున్నావా, మూయించడానికి వెళ్తున్నావా?"

గేటు దగ్గర ఆయా నన్ను చూడగానే, "పేరెంటేనా?" అంది. అవునన్నాను. "ఆరో తరగతా?" అవునన్నాను. రెండూ నిజమే కదండీ! "ఇంత ఆలస్యమా? పదండి పదండి!" అని రెక్క పట్టుకుని తీసుకెళ్ళి ఓ హాల్లో కూర్చోబెట్టింది. చుట్టూ అరవై, డెబ్భై మంది తల్లిదండ్రులు. ముందు మైకు పట్టుకుని హెడ్మాస్టరు గారు. కొత్తగా చేర్చేవాళ్ళకి బడి గురించి చెప్పే మీటింగేమో అనుకున్నా. ప్రభుత్వ బడిలో ఇంత పద్ధతా అని మురిసిపోయి, 'ఆహ్వానం' గడిలో పదికి పది వేసేశాను కూడా.

ఆయన చెప్తూనే ఉన్నారు. నేను కాసేపు విన్నాను. తర్వాత వినలేకపోయాను. పొద్దున తాగిన రెండు కాఫీలు వాటి పని అవి మొదలుపెట్టాయి! కాలు మీద కాలు వేశాను, తీశాను, మళ్ళీ వేశాను. పక్కావిణ్ణి అడుగుదామంటే ఆవిడ కళ్ళు మూసుకుని ఉంది. ఇక లాభం లేదని చెయ్యెత్తాను.

ఆ క్షణాన హెడ్మాస్టరు గారు ఏమన్నారో నాకు తర్వాత తెలిసింది. "తల్లిదండ్రుల కమిటీకి ఆరో తరగతి నుంచి ముగ్గురు కావాలి. ఇద్దరు వచ్చారు. మూడో మనిషి ఆడవాళ్ళలోంచి రావాలి. ఎవరైనా చెయ్యెత్తండమ్మా," అన్నారట. హాలంతా తలలు దించుకుని నేల చూస్తుంటే లేచింది నా చెయ్యి ఒక్కటే.

"భేష్! చెప్పండమ్మా!" అన్నారు ఆయన.

అంత మందిలో ఎలా అడగను? సిగ్గుపడుతూ "బా..." అన్నాను.

"బాధ్యత తీసుకుంటానంటున్నారు! చప్పట్లు కొట్టండి!"

కొట్టేశారండీ! కళ్ళు మూసుకున్న పక్కావిడ కూడా లేచి కొట్టింది. పోటీ ఎవరూ లేరు కాబట్టి ఏకగ్రీవం అన్నారు. చేతిలో ఓ గులాబీ పెట్టారు. ముగ్గుర్నీ వరసగా నిలబెట్టి ప్రమాణం చేయిస్తుంటే, అందరికంటే ముందు నాది పూర్తయింది. "ఎంత ఉత్సాహమో చూడండి," అన్నారు హెడ్మాస్టరు గారు. ఉత్సాహం కాదు సార్, అవసరం! ప్రమాణం అవగానే గులాబీతో సహా బయటికి పరిగెత్తాను. గడియ ఉందండీ. దానికీ పదికి పది.

తిరిగొచ్చేసరికి క్లర్కు గారు రిజిస్టరు తెరిచి సిద్ధంగా ఉన్నారు. "పాప పేరమ్మా?" అన్నారు. అప్పుడన్నా నిజం చెప్పాల్సింది. కానీ అంత మంది చప్పట్లు కొట్టాక, 'ఊరికే చూసిపోదామని వచ్చానండీ' అనడానికి నోరు రావాలి కదా! "కె. సహస్ర," అన్నాను. ఎలాగూ దొరకదు, అప్పుడు మెల్లిగా జారుకోవచ్చనుకున్నా.

దొరికింది!

"ఇదిగో, సిక్స్త్ బి, కె. సహస్ర. సంతకం పెట్టండి నాగమణి గారూ."

"నాగమణి ఎవరండీ?" అన్నాను.

"మీరే కదమ్మా? సహస్ర తల్లి నాగమణి అని ఉంది."

"నేను నాగమణిని కాదండీ."

"మరి నాగమణి ఎవరు?" అని ఆయన కంగారుగా అరిచారు.

"నేనండీ!" అని గుమ్మంలోంచి ఓ గొంతు. మైకు అక్కర్లేని గొంతు! గిలకలదిండి రేవు నుంచి చేపలు తెచ్చి మార్కెట్లో అమ్ముకుంటుందట. సరుకు అమ్ముడయ్యేసరికి ఈ వేళయింది. కొంగు నడుముకి దోపుకుని నేరుగా బల్ల దగ్గరికొచ్చింది. సంగతి విని నన్నూ, నా చేతిలో గులాబీనీ ఎగాదిగా చూసింది.

"ఏంటండీ ఇది? నేను రావడం గంట ఆలస్యమైతే నా కూతురికి ఇంకో తల్లిని పెట్టేస్తారా?"

హెడ్మాస్టరు గారికి చెమటలు పట్టాయి. "ఎవరు ఎవరో మాకెలా తెలుస్తుందమ్మా! పిల్లనే పిలిపిద్దాం," అన్నారు. నేను "సార్, అసలు సంగతేంటంటే..." అనేలోపే పిల్లొచ్చేసింది. రెండు జడలు, చురుకు కళ్ళు.

"అమ్మా సహస్రా, వీళ్ళిద్దర్లో మీ అమ్మ ఎవరో చెప్పు."

ఆ పిల్ల వాళ్ళమ్మని చూసింది, నన్ను చూసింది. తర్వాత నా దగ్గరికొచ్చి, "ఆంటీ, మీ ఇంట్లో పొద్దున్నే ఎన్నింటికి లేపుతారు?" అంది.

"ఆరున్నరకమ్మా," అన్నాను.

"మా అమ్మ నాలుగున్నరకే లేపుద్ది సార్. కొంచెం ఆలోచించుకోనివ్వండి."

హాలు హాలంతా ఘొల్లుమంది! అందరికంటే ముందు నవ్వింది నాగమణే. ఆ నవ్వుల మధ్య నేను నిజం చెప్పేశాను. "మా పాప పేరూ సహస్రే, కానీ ఇంకా ఇక్కడ చేరనే లేదండీ. బడి ఎలా ఉందో చూద్దామని వచ్చాను."

"చూడ్డానికొచ్చి గెలిచేశారా!" అన్నారు హెడ్మాస్టరు గారు నీరసంగా. మళ్ళీ చేతులెత్తమన్నారు. నాగమణి ఎన్నికైంది. గులాబీ ఆవిడకిచ్చేశాను. నా పదవీకాలం ఇరవై నిమిషాలు.

తలెత్తకుండా వెళ్ళిపోతుంటే వరండాలో నాగమణి ఆపింది. "బడి గురించి ఏం కావాలండీ మీకు? నన్నడగండి."

నోటు పుస్తకం తీశాను. మొదటి ప్రశ్న చదివేలోపే మొదలెట్టింది. "లెక్కల మాస్టారు బంగారం. చివరి గది వానకి కారుద్ది, రెండుసార్లు చెప్పా, ఇప్పుడు కమిటీలోకొచ్చా కాబట్టి కూర్చుని మరీ చెప్తా. మధ్యాహ్నం పప్పు ఒక్కోరోజు నీళ్ళలా ఉంటది. అరిస్తే వారం రోజులు చిక్కగా ఉంటది."

"మా పాపకి ఇక్కడ ఎవరూ తెలీదండీ. ఇల్లు మారినప్పటి నుంచీ దిగులుగా ఉంటోంది," అన్నాను. అది పుస్తకంలో లేని ప్రశ్న.

"మా పిల్ల పక్కన కూర్చోబెట్టండి. ఇద్దరిదీ ఒకే పేరంటున్నారుగా, ఎవరన్నా ఒకదాన్ని ఏమన్నా అంటే రెండోది కూడా పలుకుద్ది!"

పుస్తకం మూసేశాను. ఇరవై మూడు ప్రశ్నల్లో ముప్పాతిక వంతు మిగిలిపోయాయి, ఒక్క తరగతి గది కూడా చూళ్ళేదు. అయినా వెనక్కి తిరిగి తిన్నగా క్లర్కు గారి దగ్గరికెళ్ళి, సంచిలో ఉన్న టీసీ తీసిచ్చి, మా పిల్లని చేర్చేశాను. పాపం ఆయన ఇంకా ఇందాకటి కంగారులోనే ఉన్నారు. గబగబా రాసి స్లిప్పు ఇచ్చారు.

ఫ్లాట్స్ మెట్ల మీదే కాపు కాసి ఉన్నారు రజనీ, మొవ్వావిడా. "ఎలా ఉంది వదినా? బాగా చూశారా?"

"నేను అన్నీ క్షుణ్ణంగా కనుక్కునే వచ్చానమ్మా," అని గొప్పగా స్లిప్పు చేతికిచ్చాను. "ఇదిగో, మా పాపని చేర్చేశాను కూడా. ఇక మీరు కళ్ళు మూసుకుని చేర్చుకోవచ్చు."

రజని స్లిప్పు చదివింది. మళ్ళీ చదివింది. మొవ్వావిడకి చూపించింది.

"వదినా, పాప పేరు సహస్ర, సరే. తల్లి పేరు నాగమణి అని రాసుందేంటి?"

బడికి మార్కులు వేసొస్తానని వెళ్ళి, కన్నకూతుర్ని ఇంకొకావిడ పేరున రాసిచ్చి, దానికి రసీదు కూడా పుచ్చుకుని వచ్చానండీ!