పసుపు కడిగిన మధ్యాహ్నం

నా భార్యకు దమ్ము వ్యాధి. పెళ్ళయిన నాలుగో ఏట పట్టుకుంది, మళ్ళీ వదల్లేదు. ఆర్మూర్‌లో మాది పసుపు అడ్తి దుకాణం. రైతులు తెచ్చిన పసుపు కొమ్ములను మేము అమ్మిపెట్టేవాళ్ళం. ముందు దుకాణం, నడిమి అర్రలో బస్తాలు, వెనక మా కాపురం. అంకాపూర్ బండ్లు, ఏర్గట్ల బండ్లు గడప ముందు దిగే కాలంలో ఇల్లంతా పసుపు పొడే. నీళ్ళకుండ మూత మీద, దిండు గలేబు మీద, మా కనుబొమల మీద కూడా అదే. దాన్ని దుమ్ము అని మాలో ఎవరూ ఎన్నడూ అనుకోలేదు. దుమ్మంటే వీధిలోది. ఇది లక్ష్మి.

దమ్ము లేస్తే ఆమె పడుకోలేకపోయేది. మంచం మీద కూర్చుని, ఒళ్ళో రెండు దిండ్లు పెట్టుకుని, వాటి మీదికి వంగి ఊపిరి కోసం పెనుగులాడేది. ఆ పిల్లికూతలు దుకాణంలో బేరం చేస్తున్న నాకు వినబడుతూనే ఉండేవి. ఎప్పుడో కాస్త సడలితే రెప్ప వాల్చేది. సరిగ్గా అప్పుడే నల్లులు బయల్దేరేవి.

నల్లులు లేని ఇల్లు ఊళ్ళో లేదు. బస్తాలతో వచ్చేవో, బండ్లవాళ్ళ కంబళ్ళతో వచ్చేవో తెలియదు. మేమంతా గోక్కుని అటు తిరిగి పడుకునేవాళ్ళం. ఆమెకు అలా కాదు. ఆ కాస్త కునుకే ఆమెకు మందు, అదీ వాటి పాలయ్యేది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఒకనాడు మంచాన్ని వాకిట్లోకి ఈడ్చి, నల్లులు రాలాలని నేలకేసి కొట్టి కొట్టి ఒక కోడు విరగ్గొట్టాను. నల్లులు నవ్వుకున్నాయో లేదో గానీ వడ్రంగి మాత్రం నా ముందే నవ్వాడు.

మరిగే నీళ్ళు పోశాం. ఎండలో వేశాం. నులక విప్పి కొత్తది అల్లించాం. వారం తిరక్కుండా మళ్ళీ వచ్చాయి. ఊళ్ళో అందరూ చేసేది వేపాకు పొగ, లేదంటే గంధకం పొగ. పొగ పెడితే నల్లులకంటే ముందు ఆమె పోయేట్టుంది. అవి యుద్ధం రోజులు, కిరసనాయిలు దొరకడమే గగనం. దొరికిన కాస్త తెచ్చి మంచం కోళ్ళకు రాస్తే ఆ వాసనకే దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. ఇక ఏం చేయాలో తోచక తల పట్టుకున్నాను.

అప్పుడు మా అమ్మ అంది: “ఇంటినిండ పసుపు వెట్టుకొని నల్లులకు భయపడుడేందిరా? పసుపున్న కాడ పురుగు నిలుస్తదా?”

నాకు సిగ్గేసింది. బియ్యంలో పసుపు కలిపితే పురుగు పట్టదు. గడపకు రాస్తే చీమ దాటదు. తెగిన వేలికి అద్దితే చీము పట్టదు. పసుపు వాళ్ళమై ఉండి ఇన్నాళ్ళూ ఇది తట్టలేదేమని నన్ను నేనే తిట్టుకున్నాను. దంచిన పసుపు తెచ్చి మంచం కోళ్ళ సందుల్లో కూరాను. నులక మీద చల్లాను. పసుపు ఖాళీ చేసిన గోనెసంచులు రెండు విప్పి బొంత కింద పరిచాను. గోడవారన చుట్టూ గీతలా పోశాను. మంచం పెళ్ళిపీటలా ఉందని ఆమె నవ్వింది. ఏదో గొప్ప పని చేసినట్టు నేనూ మురిసిపోయాను.

నల్లులు తగ్గిన మాట నిజం. దమ్ము మాత్రం పెరిగింది. మేము మబ్బును తిట్టాం, పెరుగు మాన్పించాం, అమావాస్యను తిట్టాం. రోజూ పొద్దున్నే నా చేత్తోనే కొత్త పసుపు చల్లేవాణ్ణి. రోజూ ఆమె ఇంకొంచెం వంగిపోయేది. ఒక్క మాట మూడు ముక్కలుగా వచ్చేది. పెదవులు నేరేడు రంగుకు తిరిగిన రోజున దుకాణం తలుపులు వేసి పరుగున పోయి హకీంను పిలుచుకొచ్చాను.

ముసలి హకీం అర్రలో అడుగుపెడుతూనే తుమ్మాడు. మళ్ళీ తుమ్మాడు. మంచాన్ని చూశాడు, గోడవార గీతను చూశాడు, తర్వాత నన్ను చూశాడు.

“సేట్, నీ ఇంట్ల నాకే దమ్ము ఆడ్తలేదు, ఆమెకెట్ల ఆడ్తది? గీ పసుపంత తీసెయ్యి. మంచంల, గోడకు, ఆమె మొకానికి, కాళ్ళకు, మెడల తాడుకు, అంత. మందు గా తర్వాత ఇస్త.”

మా అమ్మ తలుపు దగ్గరే కూలబడింది. మా నాన్న పోయిన నాడు ఆమె మొహాన పసుపు కడిగేశారు. అప్పటి నుంచి పసుపు బస్తాల మధ్యే బతుకుతూ ఒంటికి చిటికెడు పసుపు తాకించుకోని మనిషి.

“మొగడు కండ్ల ముందల తిరుగుతుంటె ముత్తైదువ మొకం కడుగుతరా? నా మొకం కడిగింది సాలదా ఈ ఇంటికి?” అని ఏడ్చింది.

నా భార్య నాకు చేతులు జోడించింది. “కడగకుండ్రి... మీకేమన్న... అయితది.”

నాకు ఒళ్ళు మండిపోయింది. ఊపిరికే కరువైన మనిషి, ఉన్న కాస్త ఊపిరినీ నా ఆయుష్షు కోసం ఖర్చుపెడుతోంది. “నువ్వు పోతె నాకేమి గాదా?” అని వీధికి వినబడేలా అరిచాను.

సంచులు బయట పారేశాను. మంచం కడిగి ఎండలో పెట్టాను. అర్రంతా తడిగుడ్డతో తుడిచాను. తర్వాత ఆమెను పెరట్లో పీట మీద కూర్చోబెట్టి వేడినీళ్ళతో, సెనగపిండితో మొహం కడిగాను. కాళ్ళు కడిగాను, వేళ్ళ సందులు కూడా. ఆమె కళ్ళు మూసుకుని ఏడ్చింది. ఏడవకు, దమ్ము ఎక్కువవుతుందని చెబుతూ నేనూ ఏడ్చాను. తాళిబొట్టు తాడు తెంపలేదు. మెడలో ఉండగానే తడిగుడ్డతో పిండి పిండి తుడిచాను. నాలుగో చెంబుకు గానీ నీళ్ళు తేటపడలేదు, తాడు మాసిన తెలుపుకు వచ్చింది. నుదుటి కుంకుమ ఒక్కటీ ముట్టుకోలేదు. ఈ పని ఇంకొకరికి అప్పజెప్పకూడదనుకున్నాను, ఎందుకంటే రోజూ చల్లింది నేనే.

మా అమ్మ నాతో మాట్లాడటం మానేసింది. నడిమి అర్రలో బస్తాలు అలాగే ఉన్నాయి. అవి కదిలితే మా కూడు కదులుతుంది. తలుపు సందుల్లో తడిబట్టలు కూరడం తప్ప నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది.

మూడోనాటి మధ్యాహ్నం దుకాణంలో ఉండగా లోపలి పిల్లికూత ఆగిపోయింది. ఇంక అయిపోయిందనుకున్నాను. చేతిలో కొమ్ములు చేతిలోనే ఉన్నాయి, లోపలికి పరుగెత్తాను.

ఆమె వెల్లకిలా పడుకుని నిద్రపోతోంది. ఆమె నడుము వాల్చగా చూసి ఎన్నాళ్ళయిందో. కొమ్ములు గడప అవతలే పెట్టి చేతులు కడుక్కుని దగ్గరికి పోయాను. మెడ మీద, ఆ తెల్లటి తాడు పొడుగునా, నల్లులు. పట్టపగలే పాకుతున్నాయి. దులిపితే లేస్తుంది. లేస్తే మళ్ళీ ఈ నిద్ర ఎప్పటికో. నేల మీద కూర్చుని ఒక్కొక్కదాన్నే రెండు వేళ్ళతో తీయడం మొదలుపెట్టాను.

కాసేపటికి మా అమ్మ వచ్చింది. కొంచెంసేపు నిలబడి చూసి, “నీకు కండ్లు సరిగ ఆనవు, జరుగు,” అని అవతలి పక్కన కూర్చుంది. ఆ తెల్లతాడు మీది నల్లులను కూడా తనే తీసింది.

నా భార్య ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. చెయ్యి మెడకు పోయింది, తాడు తడుముకుంది. తర్వాత గాల్లో నన్ను వెతికింది.

“ఉన్నరా?”

“ఉన్న.”

“ఉన్నరు గద,” అని మళ్ళీ కళ్ళు మూసుకుంది. నా వేళ్ళకంటిన ఆమె నెత్తురును పంచెకు తుడుచుకుని, ఇంకొక నల్లి కోసం వంగాను.