దుబాయ్ కాదు, బహ్రెయిన్

మా వాడకట్టులో సముద్రం దాటిన ప్రతి దేశమూ దుబాయే. మస్కట్ పోయినవాళ్ళూ దుబాయ్ పోయినట్టే, కువైట్ పోయినవాళ్ళూ దుబాయ్ పోయినట్టే. "ఫలానోళ్ళ పెద్దోడు దుబాయ్ పోయిండు" అంటే బొంబాయిలో విమానం ఎక్కిండని అర్థం. ఎక్కడ దిగిండో ఎవరికీ పట్టేది కాదు.

మా బాపు దిగింది బహ్రెయిన్‌లో.

అంతకు ముందు మా బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు ఆడే కాలంలో వెల్డింగ్ పని చేసేవాడు. మిగతా నెలల్లో ట్రాలీలకూ ట్రాక్టర్లకూ అతుకులు వేసేవాడు. పోయే ముందు దోస్తులకు దేశం పేరు చెప్తే, "బేరింగా? గా పేరుతోని దేశముంటదా?" అని నవ్విండ్రు. పెద్దబాపు, అంటే బాపుకు అన్న, చాలా రోజులు 'బారెను' అన్నాడు. తర్వాత ఆ కష్టం కూడా ఎందుకని దుబాయ్‌కే వచ్చేశాడు. చుట్టాల్లో కొందరు ఎత్తిపొడుపుగా 'బంగారు లంక' అనేవాళ్ళు. "మీ ఆయనకేంది, లంకల కూసున్నడు" అని అమ్మతో అంటే అమ్మకు ఒళ్ళు మండేది.

"లంకల కూసోని ఏలుతలేడు. ఇనుము అతుకుతున్నడు. దాని పేరు బహ్రెయిన్" అనేది.

ఆ పేరును తప్పు లేకుండా పలకడం అమ్మకు మా పక్కింటి ఆపా నేర్పింది. ఆపా ఉర్దూ బడిలో టీచరుగా చేసి రిటైరైన మనిషి. ఒకరోజు మా అరుగు మీద కూర్చుని, "బహ్ర్ అంటే దర్యా, సముద్రం. బహ్రెయిన్ అంటే రెండు దర్యాలు" అని చెప్పింది. అమ్మ ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ ఉంది. "రెండెందుకు ఆపా, ఒక్కటి చాలదా?" అని అడిగింది. ఆపాకు జవాబు తెలియదు. "అల్లా ఇచ్చిండు, వాళ్ళు తీసుకున్నరు" అని నవ్వింది.

జవాబు బాపు క్యాసెట్‌లో వచ్చింది. బాపుకు రాయడమంటే బద్ధకం. ఎవరైనా సెలవు మీద వస్తుంటే గొంతు రికార్డు చేసి పంపేవాడు. టేపురికార్డరు నడుమ పెట్టుకుని అందరం వినేవాళ్ళం. ఆ దేశం చుట్టూ ఉప్పు సముద్రమేనట. కానీ ఆ ఉప్పు నీళ్ళ అడుగున తియ్యటి నీటి ఊటలు ఉండేవట. వెనుకట ముత్యాల కోసం మునిగేవాళ్ళు తోలుసంచులు పట్టుకుని అడుగుకు పోయి, ఆ మంచినీళ్ళు నింపుకుని పైకి వచ్చేవాళ్ళట. కిందిదొక సముద్రం, పైది ఒక సముద్రం. అందుకే రెండు అని బాపుకు అక్కడి ముసలి ఫోర్‌మన్ చెప్పాడట. ఆపా ఒప్పుకోలేదు, "అది ఆయన కథ, నాది భాష" అంది. అమ్మకు మాత్రం కథే నచ్చింది. నా బడి అట్లాసులో ఆ దేశం చుక్కంత కూడా లేదు. పేరు పట్టక పక్కన సముద్రం మీద అచ్చు వేశారు. అమ్మ ఆ పేరు మీద వేలు పెట్టి, "గింతంత ఉన్నా దేశమే గదా" అంది.

అది ఎనభైల చివర. నేను ఎనిమిదో తరగతి. ఒకరోజు పొద్దున, నేను జడ వేసుకుంటుంటే, నిజామాబాద్‌లో మనుషులను బయట దేశాలకు పంపే ఏజెంటు దగ్గర పనిచేసే మనిషి ఒకడు స్కూటరు మీద వచ్చాడు. మా ఇంటికి రాలేదు, పెద్దబాపు ఇంటికి పోయాడు. కాసేపటికి ఆ ఇంట్లో ఏడుపు లేచింది. వాళ్ళంతా రొమ్ములు బాదుకుంటూ మా ఇంటికి వచ్చారు. వాడకట్టంతా వాళ్ళ వెనుకే వచ్చింది.

అమ్మ చాట పక్కన పెట్టి లేచింది. "ఏమైంది?" అంది.

పెద్దబాపు గోడకు ఆనుకుని, "తమ్ముడు పోయిండు. పని కాడ మీదినుంచి పడ్డడట. పేరు గదే, బోధన్ అనే చెప్పిండ్రు, వెల్డింగ్ పనే" అన్నాడు.

 అమ్మ మొహం తెల్లబడింది. కానీ ఏడవలేదు. కొంగు బిగించి, "ఏ దేశంల?" అని అడిగింది.

"దుబాయ్‌ల."

"గట్లనే చెప్పిండ్రా? దుబాయ్ అనే అన్నరా?"

"దుబాయ్ అనే అన్నరు."

"గయితే మా ఆయన గాదు" అంది అమ్మ. మళ్ళీ కూర్చుని చాట ఒళ్ళోకి తీసుకుంది.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత దుఃఖానికి మతి చెదిరిందనుకున్నారు. పెద్దబాపు దగ్గరికి వచ్చి, "దుబాయ్ అయితేంది, బారెను అయితేంది. అన్ని ఒక్కటే గదమ్మా" అన్నాడు.

"నిజామాబాదు, నాందేడు ఒక్కటేనా బావా? ఈడ సచ్చినోని కోసం ఆడ ఏడుస్తరా? దుబాయ్ వేరే, బహ్రెయిన్ వేరే. నడుమ సముద్రమున్నది."

"ఎవలో నోరు తిరగక గట్ల చెప్పి ఉంటరు."

"నోరు తిరగనోని మాట మీద నేను ముండమోస్తనా?"

 కాసేపటికి ఆడవాళ్ళలో పెద్దవాళ్ళు ఇద్దరు ముందుకు వచ్చారు. బొట్టు తియ్యాలి, గాజులు తియ్యాలి, శవం వచ్చేదాకా ఇట్లా కూర్చుంటే ఇంటికి అరిష్టం అన్నారు. ఒకామె అమ్మ ముంజేయి పట్టుకుంది. అమ్మ చేతిలో తునికాకు కత్తిరించే కత్తెర ఉంది. ఎత్తలేదు, చూపలేదు. చేతిలో ఉంచుకునే, "నా చెయ్యి ఇడువు అక్కా. నేను మంచిగ చెప్తున్న" అంది. ఆమె వదిలేసింది.

నిజం చెప్తే నేనూ అమ్మను నమ్మలేదు. బాపు పోయాడనే అనుకున్నాను. అందరూ ఏడుస్తుంటే ఏడ్చాను. అమ్మ నా వైపు చూసి, "నువ్వు గూడనా?" అంది. ఆ రెండు మాటలు నాకు ఇప్పటికీ వినబడతాయి. మొహం కడుక్కుని ఆమె పక్కన కూర్చున్నాను.

గుంపును తోసుకుని ఆపా వచ్చింది. "ఏడ్చేది తర్వాత ఏడువొచ్చు. ముందు ఫోన్ చేద్దాం" అంది. అమ్మ, ఆపా, నేను నిజామాబాద్ బస్సు ఎక్కాం. పెద్దబాపు రానన్నాడు, మళ్ళీ బస్సు కదిలేటప్పుడు పరుగెత్తి ఎక్కి వెనుక సీట్లో కూర్చున్నాడు.

టెలిఫోన్ ఆఫీసులో కౌంటరు వెనుక ఉన్న ఆయన, "ఎక్కడికి?" అన్నాడు.

"బహ్రెయిన్" అంది అమ్మ.

"దుబాయా?"

"గాదు సారూ. బహ్రెయిన్."

ఆయన ఒక లావుపాటి పుస్తకం తిప్పి, వేలితో కిందికి చూసుకుంటూ వచ్చి, "ఉందమ్మా, వేరే కోడు" అన్నాడు. అమ్మ వెనక్కి తిరిగి పెద్దబాపును చూసింది. పెద్దబాపు తల వంచుకున్నాడు.

"ఎవరితో మాట్లాడాలి?" అని ఆయన మళ్ళీ అడిగాడు. ఆపా నోరు తెరిచేలోపే అమ్మ బాపు పేరు చెప్పింది. ఇంటిపేరుతో సహా, ఆఫీసంతా వినబడేటట్టు. భర్త పేరు ఆమె నోట నేను వినడం అదే మొదటిసారి. రేషన్ షాపులో అడిగినా నా వైపు చూసి నాతో చెప్పించే మనిషి.

క్యాసెట్ అట్ట మీద బాపు రాసి పంపిన క్యాంపు నంబరు ఇచ్చాం. లైను కలవడానికి మధ్యాహ్నం దాటింది. బాపు ఉండే క్యాంపులో ఫోన్ కాపలావాడి గదిలో ఉంటుంది. ఆ కాపలాదారుకు ఉర్దూ వచ్చు. ఆపా రిసీవరు చెవికి అదుముకుని అరిచి అరిచి మాట్లాడింది. మధ్యలో ఆగింది. అమ్మ ఆమె మొహమే చూస్తూ నిలబడింది. ఆపా ఫోన్ పెట్టకుండానే మా వైపు తిరిగి, "పొద్దున రొట్టె తిని డ్యూటీ బస్సు ఎక్కిండట. తన కళ్ళతోని చూసిన అంటున్నడు" అంది.

పెద్దబాపు అక్కడే బల్ల మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అమ్మ గోడ పట్టుకుని కాసేపు నిలబడింది. నేను ఆమె నడుము గట్టిగా పట్టుకున్నాను. ఆమె ఒళ్ళంతా వణుకుతోంది. ఇంతసేపూ ఆ వణుకు ఎక్కడ దాచిందో నాకు తెలియదు.

ఇక ఇంటికి పోదామని పెద్దబాపు లేచాడు. అమ్మ కదలలేదు. "మరి దుబాయ్‌ల పోయిందెవలు?" అంది.

మాకెవరికీ ఆ ఆలోచనే రాలేదు. అమ్మ నేరుగా ఏజెంటు ఆఫీసుకు నడిచింది. అక్కడివాళ్ళు ఫైళ్ళు తిరగేసి తప్పు ఒప్పుకున్నారు. పేరు ఒక్కటే, పని ఒక్కటే, తండ్రి పేరు వేరు. ఊరు కోటగిరి దగ్గర. బోధన్ వైపే కదా అని బోధన్ అన్నారట. "రేపో ఎల్లుండో వాళ్ళకు కబురు చేస్తాం" అన్నాడు బల్ల వెనుక మనిషి.

"మా ఇంటికి తెల్లారంగనే ఉరికొచ్చిండ్రు. వాళ్ళకు ఎల్లుండా?" అంది అమ్మ. "ఆమె ఇయ్యాల బొట్టు పెట్టుకోని నవ్వుకుంట తిరుగుతుంటది. నిజం ఆమెది. మీ దగ్గర పెట్టుకునే హక్కు మీకు లేదు."

అమ్మ ఆ ఊరికే పోయింది. నేనూ ఆపా వెంట పోయాం, పెద్దబాపు ఇంట్లో కబురు చెప్పడానికి వెనక్కి పోయాడు. కోటగిరిలో బస్సు దిగి కాలువ గట్టు మీద నడిచాం. పొద్దు వాలుతోంది. ఇంటి ముందు కల్లంలో ఉడికిన పసుపు ఆరబోసి ఉంది. ఒకామె కాళ్ళతో కొమ్ములు తిరగేస్తోంది. వయసు అమ్మకంటే తక్కువే. అడుగడుగుకూ పసుపు వాసన లేస్తోంది.

మమ్మల్ని కూర్చోమని నీళ్ళు ఇచ్చింది. అమ్మ చెంబు చేతిలో పట్టుకునే అడిగింది. "మీ ఆయన ఏ దేశం పోయిండు చెల్లె?"

"దుబాయ్."

"అసలు దుబాయేనా? వేరే దేశాన్ని గూడ మనోళ్ళు గట్లనే అంటరు గద."

"దుబాయే అక్కా. ఇంకెన్ని దుబాయ్‌లు ఉంటయి?" అని నవ్వింది.

అమ్మ ఇంకొక పేరు వినాలని ఎంత ఆశపడిందో నేను చూశాను. కువైట్ అననీ, మస్కట్ అననీ, ఏదో ఒకటి అననీ అని. చెంబు కింద పెట్టి, ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "పొద్దున మా ఇంటికి ఒక మాట వచ్చింది. అది మా మాట గాదు" అంది.

ఆమె చాలాసేపు అమ్మను చూసింది. "నా మాటనా?" అంది.

అమ్మ తల ఊపింది.

ఆ రోజు అమ్మ ఇంటికి రాలేదు. నన్నూ ఆపానూ పంపించి, శవం వచ్చి దినాలు అయ్యేదాకా అక్కడే ఉండిపోయింది. పెద్దబాపు కూడా పోయి, ఏజెంటు ఆఫీసు చుట్టూ వాళ్ళ తరఫున తిరిగాడు. దినాలప్పుడు ఆడవాళ్ళు గాజులు పగలగొట్టడానికి రాయి తెచ్చారట. అమ్మ అడ్డం నిలబడిందట. "ఆమెను అడగుండ్రి" అందట. ఇదంతా తర్వాత ఆ ఊరివాళ్ళు చెప్పగా విన్నాను. ఆమె, "నాయి నేనే తీసుకుంట" అని లోపలికి పోయి, ఒక్కొక్కటే తీసి, తన పెట్టెలో పెట్టుకుందట. ఎవ్వరినీ ముట్టనివ్వలేదు. ఊరు ఏమైనా అనుకోనీ అంది. బొట్టు మాత్రం తియ్యలేదు. పొలం తన పేర రాసిమ్మని మరిది పంచాయితీ పెడితే ఆమె రాసియ్యలేదు, మరుసటి కారు పసుపు ఆమే దగ్గరుండి పెట్టించింది. అమ్మ మా ఇంట్లో పని వదిలి విత్తనం నాటడానికి పోయింది.

మా వాడకట్టులో అమ్మకు మెచ్చుకోలు ఏమీ రాలేదు. "ఎంత గుండె దీనికి, కంట ఇంత నీరు పెట్టలేదు" అనే అన్నారు. అననీ. నేను ఎన్నో ధైర్యాల గురించి చదివాను. ఊరంతా చచ్చాడన్న మనిషిని ఒక దేశం పేరు పట్టుకుని బతికించుకున్న ఆడదాన్ని ఇంకొకరిని చూడలేదు. తప్పు పేరు పిలిస్తే ఏమవుతుందని ఇప్పటికీ కొందరు నన్ను అడుగుతుంటారు. మా ఇంట్లో ఏమయ్యేదో నాకు తెలుసు. అందుకే ఎవరు దుబాయ్ అన్నా, "ఏ దేశం?" అని అడుగుతాను. విసుక్కున్నా అడుగుతాను.

బాపు సెలవు మీద వచ్చినప్పుడు అమ్మ ఆయన్ను ఆ ఊరికి తీసుకుపోయింది. బాపుకు పోవడానికి కాళ్ళు రాలేదు. చనిపోయిన మనిషి పేరు పెట్టుకుని, బతికి ఉండి, ఆ ఇంటి ముందు ఎట్లా నిలబడాలన్నాడు. కల్లం దగ్గర చెప్పులు విప్పి అక్కడే ఆగిపోయాడు. ఆమె బయటికి వచ్చి చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత మంచం వాల్చి, "కూసో అన్నా" అంది.

అన్నం పెట్టింది. బాపు తలెత్తకుండా తిన్నాడు. చెయ్యి కడుక్కున్నాక ఆమె అడిగింది. "అన్నా, దుబాయ్ ఎట్లుంటది? ఆయన ఏమీ చెప్పకపాయె."

అమ్మ ఏదో అనబోయింది. బాపు చేత్తో ఆపాడు.

"నేను దుబాయ్ సూడలేదు చెల్లె. నాది వేరే దేశం. కానీ సముద్రం అదే. ఎండ అంతే ఉంటది. తెల్లారంగ మాత్రం సముద్రం మీదికెల్లి సల్లటి గాలొస్తది. బస్సు కోసం నిలవడ్డప్పుడు, మొకానికి. గది బాగుంటది."

"గాలొస్తదా?" అంది ఆమె.

"వస్తది."

ఆమె వాకిట్లోకి చూస్తూ కూర్చుంది. బాపు మెల్లగా చెప్తూ పోయాడు. క్యాంపులో ఎవరు వండుతారో, పప్పు ఎట్లా ఉంటదో, శుక్రవారం బట్టలు ఉతుక్కుని ఎక్కడ ఆరేసుకుంటారో. ఆమె మధ్యమధ్యలో అడుగుతోంది, ఆయన చెప్తున్నాడు. బోధన్ బస్సు వచ్చే వేళ అయిందని అమ్మకు తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరమూ లేవలేదు.