బరువు చీటీ వెనక జాతకం

మొన్న మా కోడలు ఫోను చూస్తూ, "నాలుగో నెలలో చేపలు బాగా తినాలంటండి అత్తయ్యా" అంది. నాకు నవ్వాగలేదు. ఆ నవ్వు సంగతి చెప్పాలంటే తొంభైల మొదట్లో తెనాలి స్టేషన్ దాకా వెళ్లాలి.

నా మొదటి కాన్పు బాపట్లలో, పుట్టింట్లో జరిగింది. పెళ్లినాటికే నేను చీపురుపుల్లని. బిడ్డ పెద్దదైతే కాన్పు కష్టమని అక్కడ మా అమ్మా, రేపల్లెలో అత్తగారూ పోటీలు పడి నా అన్నం తగ్గించారు. పిల్ల కేజీ ముప్పావుతో పుట్టింది. పాలు పీల్చే ఓపిక కూడా లేదు దానికి. ఉగ్గుగిన్నెతో చుక్కచుక్కా పట్టి బతికించుకున్నాం. ఆ భయం ఇప్పటికీ తలచుకోలేను. రెండోసారి నెల తప్పగానే తెనాలి డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది: "అసలే పీలగా ఉన్నావు. ఈసారన్నా బరువు పెరక్కపోతే బిడ్డ బలం ఎక్కణ్ణించి తెచ్చుకుంటుందమ్మా?" అత్తగారు బుద్ధిగా తలూపి, బయటికి రాగానే, "మేం కనలేదా ఏంటి, చెప్పొచ్చింది" అనేశారు.

రేపల్లె రైలుకి ఇంకా టైముంది. ప్లాట్‌ఫారం మీద రంగుదీపాల బరువు మిషను ఎక్కి నాణెం వేస్తే చీటీ పడింది. ఒకవైపు నలభై ఒక్క కేజీలు, వెనక ఇంగ్లీషులో జాతకం. అత్తగారికి చదువు రాదు, జాతకాలంటే మాత్రం ప్రాణం. "ఏం రాసుందే?" అన్నారు. ఎక్కణ్ణించి వచ్చిందో ధైర్యం, "కడుపునిండా తిన్నవారికి సంతాన సౌఖ్యం" అని చదివేశాను. ఇంటికెళ్లగానే నా కంచంలో ఇంకో గరిటె అన్నం, మీద నెయ్యి. తర్వాతి నెల చీటీలో పాలొచ్చాయి. ఆ పై నెల ఆశ ఎక్కువై, "చేపల పులుసు వలన విశేష లాభం" అన్నాను. అత్తగారు నా మొహంలోకి ఒకసారి చూసి, "అట్టాగా" అన్నారంతే. మర్నాడు కొరమీను పులుసు పెట్టారు.

పిల్లవాడు మూడు కేజీలతో పుట్టి ఆస్పత్రి అదిరేలా ఏడ్చాడు. వాణ్ణి ఒళ్లో వేసుకుని అత్తగారు, "రైలు స్టేషన్ మిషనుకి చేపల పులుసు సంగతి ఎట్టా తెలిసిందే?" అన్నారు. ఆవిడే మళ్లీ, "పెద్దదాన్ని చూసినప్పుడల్లా నా కడుపు తరుక్కుపోయేదే. తప్పు నాదేనని ఒప్పుకోడానికి నోరు రాలా. నీ చీటీ వంకన కడుపునిండా పెట్టుకున్నా" అన్నారు. ఇద్దరం ఏడ్చాం, తర్వాత నవ్వుకున్నాం.

ఆ పెద్దది ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి. ఆ మూడు కేజీలవాడి భార్యే ఈ కోడలు. తన ఫోనులో చేపల మాట నిజంగా ఉందో లేదో నేను అడగలేదు. లేచి చింతపండు నానబెట్టాను. మా అత్తగారిలా అడగకుండా ఊరుకోవడం నేర్చుకోవడానికి, ఆ కోడలు తనే అత్త అయ్యేంత కాలం పట్టింది నాకు.