జరిబాన్ కంపు

పొద్దు గుంకకముందే కుక్కను కట్టేయాలి. కువైట్ శివార్లలోని సులైబియాలో పెద్దన్న నేర్చుకున్న మొదటి పని అదే. గొర్రెలకు నీళ్లు పెట్టడం కాస్త వెనకాముందైనా ఎవరూ ఏమనరు. కుక్క మాత్రం చీకటి పడేసరికి గొలుసుకు ఉండాల్సిందే. ఎడారిలోంచి కంచె కింద తవ్వుకుంటూ ఒక జంతువు వస్తుంది. వీపు తెల్లగా, పొట్ట నల్లగా, చిన్న పందిపిల్లంత ఉంటుంది. అరబ్బులు దాన్ని జరిబాన్ అంటారు. అది కోళ్ల కోసం వస్తుంది. కుక్క అడ్డం పడితే పీక పట్టుకుంటుంది, పైగా తోక లేపి ఒక రసం వదులుతుంది. ఆ కంపు పట్టిన కుక్క దగ్గరికి గొర్రెలు కూడా రావు. అందుకే పెద్దన్న కోళ్ల గూడు చుట్టూ రేకులు పాతాడు. మిగిలిన అన్నం బయట పారేసేవాడు కాదు. కుక్కను తన గది గుమ్మానికే కట్టేవాడు.

అతనిది రాయచోటి దగ్గర పల్లె. డ్రైవర్ పని అని చెప్పి వీసా చేతిలో పెట్టారు. దిగిన రోజే కఫీల్ పాస్‌పోర్టు తీసి తన జేబులో వేసుకున్నాడు. పిలిపించుకున్న యజమాని కదా, అది తన హక్కనుకున్నాడు. నేరుగా సులైబియాలోని మజ్రాలో దించి వెళ్లిపోయాడు. మజ్రా అంటే తోట అని పేరు. ఉన్నది గొర్రెల దొడ్డి, గడ్డికొట్టం, కఫీల్ స్నేహితులతో వచ్చి కూర్చునే ఒక చల్లటి గది, వాటి చుట్టూ ఇసుక. ఒక పనికని పిలిచి ఇంకో పనిలో పడేయడం మోసమని అక్కడ ఎవరూ అనుకోలేదు. ఇక్కడ ఊళ్లో వీసా ఇచ్చిన ఏజెంటూ అనుకోలేదు. "స్టీరింగ్ పట్టుకుందామని వస్తే పొట్టేలు కొమ్ములు పట్టిచ్చినారు" అని పెద్దన్నే నవ్వుతూ చెప్పేవాడు.

1990 ఆగస్టులో ఇరాకీ సైన్యం కువైట్‌లో దిగిన వారంలోనే కఫీల్ కుటుంబమంతా సౌదీ దారి పట్టింది. పోతూ పోతూ మజ్రా దగ్గర కారు ఆపాడు. "గొర్రెలు జాగ్రత్త. కుక్క జాగ్రత్త" అన్నాడు. పెద్దన్న సంగతి ఎత్తలేదు. పాస్‌పోర్టు అడిగితే "తర్వాత, తర్వాత" అంటూ కారు అద్దం పైకెక్కించాడు.

ఆ నెలాఖరులో అన్వర్ బాషా వచ్చాడు. కడప మనిషి, నీళ్ల ట్యాంకర్ తోలేవాడు. ట్యాంకర్ ముందు సీటు కింద ముడుచుకుని ఒక అమ్మాయి. పేరు నిలోఫర్. సబా అల్ సలేంలో ఆమె పనిచేసే ఇంటివాళ్లు ఆమెను లోపలే వదిలి, బయట తాళం వేసుకుని పారిపోయారు. ఆ వీధిలో సిపాయిలు ఇళ్లలో దూరుతున్నారని తెలిసి అన్వర్ బాషా గోడ దూకి ఆమెను బయటికి తెచ్చాడు.

"పెద్దన్నా, ఇండియాకు విమానాలు అమ్మాన్ నుంచి పోతాండాయంట, ఆడికి బస్సు మాట్లాడతాండా. బస్సు కుదిరేదాకా ఈ పాప నీకాడ ఉండాల."

"నాకాడ యేముంది బాషా? గొర్రెలు, పెంటికలు."

"దానికోసరమే తెచ్చినా. ఇండ్లన్నీ గాలిస్తాండారు. పెంటదిబ్బను యెవురు గాలిస్తారు? మన కడప పిల్లప్పా. దీని తల్లి హమీదా బీకి మనం మొగం చూపియ్యాల గదా."

పెద్దన్న గడ్డికొట్టంలో మోపుల వెనక మనిషి పట్టేంత సందు చేశాడు. నిలోఫర్ అందులోకి దిగింది. పగలంతా అక్కడే. కుక్కకు రొట్టె ముక్క వేసేది. రెండు రోజుల్లో అది ఆమె వెనకే తిరగడం మొదలుపెట్టింది.

సిపాయిలు గొర్రెల కోసం వస్తూనే ఉన్నారు. ఒక సాయంత్రం కుక్క వాళ్ల మీదికి ఎగిరెగిరి మొరిగింది. వాళ్లలో ఒకడు తుపాకీ గురిపెట్టాడు. పెద్దన్న గబగబా గొలుసు విప్పి, కుక్కను గేటు బయటికి తరిమాడు. ప్రాణమైనా దక్కుతుందిలే అనుకున్నాడు. కుక్క ఆ రాత్రి తిరిగి రాలేదు.

తెల్లవారేసరికి కొట్టం వైపు నుంచి కంపు. కుళ్లిన గుడ్లు, కాలిన రబ్బరు, చచ్చిన ఎలుక, అన్నీ కలిపి కాచినట్టుంది. చెవి చీలి, కళ్లు వాచి, కుక్క నేరుగా నిలోఫర్ దగ్గరికే పోయింది. అక్కడున్న ఖాళీ గోనెసంచుల మీద పడి దొర్లింది.

"నీళ్లు పొయ్యాకు పాపా!" పెద్దన్న కేకేశాడు. "ముందే నీళ్లు తగిల్తే కంపు చర్మంలోకి దిగుతాది."

పొడి ఇసుక తెచ్చి కుక్క ఒళ్లంతా రుద్దాడు. గుడ్డతో తుడిచాడు. కళ్లు మటుకు మంచినీళ్లతో కడిగాడు. తర్వాత వెనిగర్, ఆ తర్వాత వంటగదిలో మిగిలిన టమాటా పేస్టు పూసి, అది ఆరాక సబ్బుతో రుద్దాడు. కరెంటు లేక మోటారు ఆడటం లేదు. ఉన్న నీళ్లలో సగం కుక్కకే అయిపోయాయి. కుక్క మీద కంపు తగ్గింది. గోనెసంచుల్లోది, గడ్డిలోది పోలేదు.

మధ్యాహ్నం సిపాయిలు వచ్చారు. కొట్టం వాకిట్లోనే ఆగి ముక్కులు మూసుకున్నారు.

"లోపల ఏం చచ్చింది?"

వచ్చీరాని అరబ్బీలో "గొర్రె" అన్నాడు పెద్దన్న. "పురుగులు పట్టింది."

ఒకడు ఉమ్మేసి వెనక్కి తిరిగాడు. ఎవరూ లోపలికి అడుగు పెట్టలేదు.

ఆ తర్వాత పెద్దన్న గోనెసంచుల్ని బయట పారేయనివ్వలేదు. నిలోఫర్ మాత్రం తినలేకపోయింది.

"చిన్నాయనా, ముద్ద నోట్లో పెట్టుకుంటే కక్కొస్తాంది."

"వాళ్లకీ వస్తాంది గదా. ఓర్చుకో తల్లీ. బాషా ఈపొద్దో రేపో వస్తాడు."

అన్వర్ బాషా రాలేదు. గురువారం వచ్చింది. పొద్దు వాలేవేళ నిలోఫర్ మోపుల వెనకనుంచి సన్నగా పిలిచింది.

"ఈపొద్దు జుమేరాత్ చిన్నాయనా. మా యింట్లో ఈ పొద్దుకు లోబాన్ యెయ్యకుండా మాయమ్మ దీపం గూడా ముట్టియ్యదు. రోంత పొగ యేస్తే ఈ కంపన్నా పోతాది."

పెద్దన్న ఇంట్లోనూ శనివారం సాంబ్రాణి లేకుండా పొద్దుపోదు. ఇంట్లో చెడు వాసన వస్తే ధూపం వేయడం చేతులకు అలవాటైన పని, దానికి ఆలోచన అక్కర్లేదు. పెద్దన్న ఆలోచించలేదు కూడా. కఫీల్ చల్లటి గదిలోంచి ఊదు చెక్కలు, ధూపపు కుండ తెచ్చిచ్చాడు. పొగ మోపుల మీదుగా లేచి, రేకుల సందుల్లోంచి బయటికి పాకింది. మొదటిసారి నిలోఫర్ కడుపు నిండా తిన్నది. అది చూసి పెద్దన్న సంతోషపడ్డాడు.

పొగ ఆరకముందే గేటు దగ్గర జీపు ఆగింది.

ఊదు వాసనంటే ఏమిటో ఆ సిపాయిలకు ఒకరు చెప్పాలా? ఇంట్లో మనుషులున్నారని, ఆడవాళ్లున్నారని అర్థం.

"ఏమోయ్ హిందీ! ఊదు ఎవరికి వేశావు? గొర్రెలకు పెళ్లా?" అన్నాడు ఒకడు. అరబ్బులకు భారతీయుడంటే హిందీయే. మిగతావాళ్లు పగలబడి నవ్వారు. నవ్వుతూనే కొట్టం వైపు నడిచారు.

పెద్దన్న అడ్డంపోయాడు. తుపాకీ మడమ మూతి మీద పడింది. కిందపడి, పాక్కుంటూ పోయి గొలుసు విప్పాడు. ఈసారి గేటు వైపు తరమలేదు. "పట్టుకో!" అన్నాడు. కుక్క వాళ్ల మీదికి దూకింది. రెండు తూటాలు. అది కొట్టం గుమ్మానికి అడ్డంగా పడింది. దాన్ని దాటుకుని ఇద్దరు లోపలికి పోయారు.

మోపులు దొర్లుతున్న చప్పుడు. పెద్దన్న ఇసుకలో మొహం పెట్టుకుని ఆడపిల్ల కేక కోసం ఎదురుచూశాడు. కేక రాలేదు. ఎవరో భళ్లున కక్కుకున్నారు. ఇద్దరూ ముక్కు, నోరు మూసుకుంటూ బయటపడ్డారు. ఒకడు గోడ పట్టుకుని వంగి, వాళ్లమ్మను తలుచుకుంటూ తిట్టాడు. మిగిలిన గొర్రెల్ని వెనకే తెప్పించిన లారీలోకి తోలించుకుని వెళ్లిపోయారు.

తుపాకీ చప్పుడు వినగానే నిలోఫర్ జరిబాన్ రసం ఇంకిన ఆ గోనెసంచులన్నిటినీ మీదికి లాక్కుందట. తల, మొహం, ఒళ్లు చుట్టుకుని, గడ్డిచెత్తలో కుప్పలా పడుందట. సిపాయి తుపాకీ గొట్టంతో కుప్పను కెలికాడు. ఆ మీదట వాడికి ఓపిక లేకపోయింది. పెద్దన్న సంచులు తొలగించేసరికి ఆమె ఊపిరాడక నీలంగా ఉంది.

కుక్కను పూడ్చిన మర్నాడు అన్వర్ బాషా బస్సు తెచ్చాడు. అన్ని నీళ్లు ఎక్కడివి? కాస్త ఇసుక, కాస్త వెనిగర్‌తో ఆ పిల్ల ఎంత కడుక్కుంటుంది? బస్సు నిండా మనవాళ్లే. తలుపు తెరిచీ తెరవగానే లోపలినుంచి ఒక తెలుగావిడ అరిచింది.

"అమ్మో, ఏం కంపండీ ఇది! ఎక్కించకండి వాళ్లని. పిల్లలున్నారు ఇక్కడ."

"వాళ్లూ మనుషులేనమ్మా" అన్నాడు అన్వర్ బాషా.

"మనుషులైతే స్నానం చేసి రావచ్చుగా?"

బస్సులో నవ్వు. జరుగుతామని ఒక్కరూ అనలేదు. బస్సు ఆగితే సరిహద్దు దగ్గర ఆలస్యమవుతుందని తొందరపెట్టారు. పెద్దన్న నిలోఫర్‌ను బస్సు వెనక నిచ్చెన మీదుగా టాపు మీదికి ఎక్కించాడు. ఇద్దరూ పెట్టెల మధ్య, ఎండలో, బస్రా దాకా కూర్చున్నారు.

అమ్మాన్‌లో ఎంబసీవాళ్లు పాస్‌పోర్టుకు బదులిచ్చిన కాగితంతో విమానమెక్కి వచ్చి, కడపలో ఆమెను ఇంటి దాకా అతనే తీసుకుపోయాడు. వీధంతా వచ్చింది. నిలోఫర్ మేనత్త బుడేన్‌బీ అతన్ని పక్కకు పిలిచి, గొంతు తగ్గించింది.

"ఏం అనుకోవాకు నాయనా. పాపకు ఆడ ఏమన్నా జరిగిందా?"

"జరిగింది" అన్నాడు పెద్దన్న అందరికీ వినపడేలా. "పిల్లను ఇంట్లో పెట్టి తాళమేసినారు. తుపాకీతో కుళ్లబొడిచినారు. మనోళ్లే బస్సులో కూచోనీలా. నువ్వడిగేది అదిగాదని నాకు తెలుసు. అదే జరిగుంటే యేం జేస్తావు? తలుపేస్తావా?"

హమీదా బీ ఎవరినీ ఏమీ అడగలేదు. కూతురి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి, నీళ్లు కాచి తల అంటింది.

అయినా వీధి ఊరుకోలేదు. రెండు సంబంధాలు వచ్చి, కువైట్ మాట విని వెనక్కి పోయాయి. యుద్ధం ముగిశాక పెద్దన్న మళ్లీ ఒక మజ్రాకే పోయాడు. ఆ తర్వాతి ఏడు నిలోఫర్ కూడా విమానమెక్కింది, కువైట్‌లోనే ఇంకో ఇంట్లో పనికి.