మా చెల్లెలి రెండో పుట్టినరోజు

నా చిన్నప్పుడు మా చెల్లెలికి పుట్టినరోజు నాలుగేళ్ళకోసారి గానీ వచ్చేది కాదు. ఫిబ్రవరి ఇరవై తొమ్మిదిన పుట్టింది. అందులో దాని తప్పేమీ లేదు. కానీ తప్పు లేని చోట కూడా నవ్వు పిండుకునే రకం నేను. లెక్కల పీరియడ్ వస్తే వెనక వరుసలో తల దాచుకునేవాణ్ణి గానీ, ఈ ఒక్క లెక్క మాత్రం బాగా ఒంటబట్టింది. దానికి ఎనిమిదేళ్ళు నిండబోతున్నాయి, వచ్చేది మాత్రం రెండో పుట్టినరోజు. కాబట్టి రెండేళ్ళ పాప.

ఐరాలలో మా వీధి పిల్లలందరికీ ఈ మాట అంటించాను. ఏ ఆట ఆడినా దాన్ని అరటిపండుగా పెట్టేవాళ్ళం. అంటే ఆటలో ఉంటుంది, లెక్కలో ఉండదు. గీత తొక్కినా ఔట్ కాదు, గెలిచినా గెలుపు కాదు. మొదట్లో అదీ నవ్వింది. పోనుపోను ఆటకు రావడమే మానేసి, తలుపు వెనక నిలబడి చూసేది. నేను అక్కడికీ వెళ్ళి, "పాపా, పాలు తాగినావా?" అని అడిగి వచ్చేవాణ్ణి.

పక్కింటి అక్క ఇదంతా చూస్తూనే ఉంది. చిత్తూరులో టీచరు ట్రైనింగు చదివేది. నన్ను తిట్టలేదు, అమ్మకూ చెప్పలేదు. ఆ ఇరవై తొమ్మిదో తేదీ పొద్దున్నే మా ఇంటికి వచ్చి, ఈ రోజు మామూలు సంవత్సరంలో ఉండదు గనుక దీనికి చట్టాలు తనవేనంది. అందరి వయసూ నాలుగో వంతే. అరవై ఏళ్ళ మా అవ్వకు పదిహేను పడ్డాయి.

"అట్లయితే నాకింకా పెండ్లే కాలేదు!" అని అవ్వ మురిసిపోయింది.

నా సంగతేమిటని అక్కను అడిగాను.

"నిన్ను ఈ లెక్కలోంచి వదిలేస్తాండా. బిడ్డను మోసేదానికి పెద్దోడొకడు కావల్ల కదా. రెండేండ్ల బిడ్డ బడిదాకా యాడ నడుస్తాదిరా? ఎత్తుకో!"

చంకనెత్తుకుంటే దాని కాళ్ళు నేలకు ఈడ్చుకున్నాయి. వీపున ఎక్కించుకున్నాను. పోయేటప్పుడు, వచ్చేటప్పుడు, దారి పొడుగునా నవ్వులే. మధ్యాహ్నం అన్నం కలిపి ముద్దలు కూడా నేనే పెట్టాలి. మా చెల్లెలు వీపు మీద దర్జాగా కూర్చుని, "అన్నా, చెవి మీద ఈగ వాలింది, తోలు," అనేది. రెండు చేతులతో దాని కాళ్ళు పట్టుకున్నవాణ్ణి, ఈగను దేనితో తోలను?

సాయంత్రం అక్క వీధిలో ముగ్గుపిండితో నాలుగు గీతలు గీసింది. మూడు గీతలు ఒంటికాలితో కుంటి, నాలుగోది రెండు కాళ్ళతో ఎగిరి దూకాలి. మూడు మామూలు ఏళ్ళు, ఒక లీపు ఏడు. తొక్కితే ఔట్, దాటితే బొరుగుల ఉండ. అవ్వ కూడా కుచ్చిళ్ళు ఎత్తి దోపి కుంటింది. రెండో గీతకే ఔటై, పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది.

మా చెల్లెలి వంతు వచ్చింది. మూడు గీతలు బాగానే కుంటింది. నాలుగోదానికి ఎగిరింది గానీ మడమ గీతకు తగిలింది. పిల్లలెవరూ పట్టించుకోలేదు. పాపే కదా అని ఒకడు ఉండ దాని చేతిలో పెట్టాడు. అది తీసుకోలేదు. కాలు వెనక్కి మడిచి మడమ చూపించింది.

"సూడండి, పిండి అంటుకునింది. నేను ఔట్. ఔట్ అనండి!"

ఎవరూ అనలేదు. దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అక్క నా వైపు చూసింది. నోట్లో ఒక జోకు సిద్ధంగానే ఉంది. పొద్దుటినుంచీ మోసిన వీపు కూడా సలుపుతోంది. ఆ జోకు మింగేశాను.

"ఔట్!" అన్నాను గట్టిగా. "ఎనిమిదేండ్లొచ్చినాయి, ఆ మాత్రం గీత దాటలేవా మే?"

కళ్ళు తుడుచుకోకుండానే నవ్వింది. "ఇంకోసారి ఆడతా, ఉండు!" అని మొదటి గీత దగ్గరికి పరిగెత్తింది. ఈసారి దాటింది. ఉండ సగం కొరికి, మిగతా సగం నా నోట్లో కుక్కింది.

ఆ తరువాత రెండేళ్ళకే నా బడి చదువు ముగిసింది. నోరు మాత్రం ఇప్పటికీ ఊరుకోదు, ఎదురుపడ్డవాళ్ళనల్లా ఆటపట్టిస్తాను. కానీ మనిషిని లెక్కలోంచి తీసేసే మాట నాలుక చివరిదాకా వస్తే, ఆ పిండి అంటిన మడమ గుర్తొస్తుంది.

మొన్నటి లీపు సంవత్సరానికి మా చెల్లెలికి అరవై నిండాయి. అక్క లెక్కలో పదిహేను. తిరుపతిలో దాని ఇంటి మిద్దె మీద మనవళ్ళు సుద్దముక్కతో నాలుగు గీతలు గీశారు. వాళ్ళ అవ్వకు మోకాళ్ళ నొప్పులు, అరటిపండుగా పెడదామన్నారు. మా చెల్లెలు నా వైపు చూసింది. కుదరదన్నాను. అది చీర ఎత్తి పట్టుకుని, గోడ ఆసరాతో ఒక్క అడుగు కుంటి, మొదటి గీత మీదే కాలు పెట్టింది. అందరికంటే ముందు నేనే అరిచాను, వీధి చివరిదాకా వినపడేలా.

"ఔట్!"

"మాయన్న నోరు మారలేదబ్బా," అంటూ, గెలిచినదానిలా నవ్వింది.